కొత్తవాళ్లకు నేర్పడమూ ప్రాజెక్టు పనే

పైథాన్ భాషను సృష్టించిన గీడో వాన్ రోసమ్ 2015లో మాంట్రియల్ పైకాన్ వేదిక మీద ఒక కోరిక బయటపెట్టారు. ఏడాదిలోగా కనీసం ఇద్దరు మహిళలు పైథాన్ కోర్ డెవలపర్లు కావాలి, అవసరమైతే తానే కూర్చుని నేర్పుతానన్నారు. ఆ మాట పట్టుకుని మరియాటా విజయ ఆయనను సంప్రదించారు. 2017లో ఆ బాధ్యత అందుకున్న తొలి మహిళ ఆమే.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్లు కలిసి రాసుకున్న ఈ ప్రణాళిక అక్కణ్నుంచే మొదలవుతుంది. కోడ్ రాయడం, బగ్గులు సరిచేయడం, రిలీజ్ చేయడం ఎలాగో, కొత్తవాళ్లకు నేర్పడమూ అలాగే ప్రాజెక్టు పని అని ఈ బృందం ప్రకటిస్తోంది. పని అన్నాక దానికి సమయం కేటాయించాలి, బాధ్యులు ఉండాలి, జరగకపోతే నిలదీసే హక్కు ఉండాలి.

మొదటి ప్యాచ్ పంపినవాళ్లకు వారంలోగా ఒక మనిషి రాసిన జవాబు అందాలి. టెస్టులు ఫెయిలయ్యాయన్న ఎర్ర గుర్తును జవాబుగా లెక్కపెట్టరు. ప్యాచ్ తీసుకోకపోతే ఎందుకో చెప్పాలి: ఆ మార్పు పాత వెర్షన్లను దెబ్బతీస్తుందా, టెస్టు రాయడం మరిచారా, ప్రాజెక్టు అసలు ఆ దారిలో వెళ్లదలచుకోలేదా. మెంటార్ తలచుకుంటే ఐదు నిమిషాల్లో తానే తిరగరాసి కలిపేయగలరు. అది వద్దని బృందం అంటోంది. కోడ్ బాగుపడుతుంది గానీ, పంపినవాళ్లకు తప్పెక్కడ జరిగిందో తెలియకుండానే పోతుంది.

చిన్న బగ్గులను కొత్తవాళ్ల కోసం కావాలనే మిగల్చాలని బృందం అనడానికీ కారణం ఇదే. లినక్స్ కెర్నెల్‌లో స్టేజింగ్ అనే విభాగం ఉంది. ఇంకా నాణ్యత కుదరని డ్రైవర్లను అక్కడ ఉంచుతారు. ఏమేం సరిచేయాలో చాలావాటి పక్కనే టూడూ ఫైల్లో రాసి ఉంటుంది. ఎందరో తొలి ప్యాచ్ పంపింది అక్కడికే, అదీ ఖాళీల అమరిక సరిదిద్దడం లాంటి పని చేసి. కమిట్ సందేశం ఎలా రాయాలి, సంతకపు వరుస ఎందుకు, ఎవరికి పంపాలి, విమర్శ వస్తే రెండో వెర్షన్ ఎలా సిద్ధం చేయాలి అన్నదంతా ఆ చిన్న పనిలోనే చేతికొస్తుంది.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చేవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. ‘సార్, కాంట్రిబ్యూట్ చేయాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని మెంటార్‌కు విడిగా మెసేజ్ పెట్టడం చాలామందికి అలవాటు. నలుగురిలో అడిగితే చులకనైపోతామన్న భయం, తరగతి గదిలోనే పట్టుకున్న భయం, దాని వెనుక ఉంది. దాన్ని ఎవరూ ఎగతాళి చేయకూడదు. అడిగినవాళ్ల అనుమతితో మెంటార్ ఆ ప్రశ్నను ప్రాజెక్టు ఛానెల్లోకి తెచ్చి అక్కడే జవాబివ్వాలి. వెనక వచ్చేవాళ్లకూ అది దొరుకుతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పాలి, ఇంగ్లిష్ కమిట్ సందేశం రాసుకోవడానికి సాయపడాలి. వీళ్లు వట్టి చేతులతో వచ్చేవాళ్లూ కారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్‌లలో తెలుగు అక్షరాలను అమర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. తెరమీద ఒత్తు తప్పుచోట పడితే చూడగానే పట్టేది తెలుగు చదివే మనిషే. తెలుగు రాని మెయింటైనర్‌కు ఎన్నేళ్ల అనుభవమున్నా ఆ తప్పు కంటికి ఆనదు.

ఎవరెన్ని ప్యాచ్‌లు పంపారన్న లెక్కల మీద ఈ బృందానికి నమ్మకం లేదు. డిజిటల్‌ఓషన్ సంస్థ 2014లో మొదలుపెట్టిన హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో, నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు దొరుకుతుందని రీడ్‌మీ ఫైళ్లలో ఒకటో రెండో పదాలు చేర్చి పంపినవి గుట్టలుగా వచ్చిపడ్డాయి. ప్రాజెక్టు ముందుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు ఆ ఏడాది అక్టోబరులోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. పంపినవాళ్లలో చాలామంది అప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు. నాలుగు అనే సంఖ్యను ఎలా దాటాలో చెప్పేవాళ్లు దొరికారు గానీ, ఒక బగ్ రిపోర్టును ఎలా చదవాలో చెప్పేవాళ్లు వాళ్లకు దొరకలేదు. ఈ బృందం నడిపే చోట పోటీ పట్టికలు, బ్యాడ్జీలు ఉండవు.

డబ్బు ప్రస్తావన దాటవేయరు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి కొత్తవాళ్లకు స్టైపెండ్ ఇస్తోంది. 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకూ అవకాశం కల్పిస్తోంది. ఔట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమం కూడా స్టైపెండ్ ఇస్తుంది. ఫీజు కట్టుకోవడానికి సాయంత్రాలు ఉద్యోగం చేసే అమ్మాయిని మూడు నెలలు ఉచితంగా పనిచేయమంటే, రావద్దని చెప్పినట్టే.

2024 మార్చిలో బయటపడ్డ, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ ఉదంతాన్ని బృందం లోతుగా చర్చించింది. జియా టాన్ అనే పేరుతో వచ్చినవారు రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు పంపుతూ, అలసిపోయిన ఏకైక మెయింటైనర్ నమ్మకం సంపాదించి, సహ మెయింటైనర్ అయ్యాక దొడ్డిదారి కోడ్ చొప్పించారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీస్తే గుట్టు బయటపడింది. కొత్తవాళ్లను అనుమానించాలని దీన్నుంచి కొందరు తేల్చారు. బృందం ఒప్పుకోదు. అక్కడ దాడికి సందు ఇచ్చింది మెయింటైనర్ ఒంటరితనం. కమిట్ హక్కు ఎవరికున్నా ఇంకొకరు చదివాకే ఆ మార్పు కలపాలి. 20 ఏళ్ల అనుభవమున్నవాళ్లకూ ఇదే నియమం.

మెంటార్ల భారానికీ హద్దు పెట్టుకున్నారు. ఒక్కొక్కరు ఒకేసారి ఇద్దరికి మించి తీసుకోరు. ఆర్నెల్లకోసారి నెల విరామం తీసుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఆ నెలలో వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నవాళ్లను ఎవరు చూసుకుంటారో ముందే రాసిపెట్టాలి. ఆ పేరు దొరికేదాకా ఆ ప్రాజెక్టు మరో కొత్త వ్యక్తిని తీసుకోదు.