ఒంటిగడ్డకు ఏ చికిత్స?

వెన్నునొప్పిని మన యిండ్లలో రోగముగా లెక్కించుట లేదు. బిందె మోసినందున కలిగినదనియో, పురిటి తరువాత మిగిలిపోయినదనియో తలచి, కాచిన నూనె రాచుకొని మరల పనిలో పడుదుము. పెక్కుమందికి ఆ తలంపు సరియే. కాని వారములు గడచినను తగ్గక, పరుండినను విడువక, నానాటికి హెచ్చు నొప్పిలో వేరొక హేతువు దాగియుండవచ్చును. అట్టి హేతువులలో మిక్కిలి అరుదైన యొకదానిని గూర్చి ఈ మాసము సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఎముకల మూలుగలో ప్లాస్మా కణములనునవి గలవు. సూక్ష్మక్రిములను ఎదుర్కొను యాంటీబాడీలను తయారుచేయుట వాని పని. ఒక్కొక్కప్పుడు అట్టి కణమొకటి అదుపు తప్పి, తనవంటివానినే పుట్టించుచు ఒక్కచోట గడ్డ కట్టును. క్యాన్సరు జాతికి చెందిన యీ గడ్డను వైద్యులు ప్లాస్మసైటోమా యందురు. ఇది తరచుగా వెన్నుపూసలలో పుట్టును; ఎముకలను విడిచి ముక్కులోను గొంతులోను పుట్టుటయు గలదు.

గడ్డ నిజముగా ఒంటిదేనా యనునది తొలి ప్రశ్న. వంటయింట ఒక చీమ కనబడినచో ఇల్లాలు బెల్లపుకుండ మూత తీసి చూడక మానదు గదా! అట్లే వైద్యులు గడ్డనుండి ముక్క తీసి పరీక్షించుటతో ఆగక, తుంటి యెముకనుండి మూలుగ తీసి చూతురు. పెట్ స్కానో, ఎం.ఆర్.ఐ.యో తీయించి తక్కిన యెముకలను వెదకుదురు. రక్తమును మూత్రమును శోధింతురు. ఇన్ని పరీక్షలెందులకని విసుగుకొనువారు లేకపోలేదు. ఆ విసుగు తగదు. వ్యాధి మూలుగలో వ్యాపించినచో అది మైలోమా. దాని చికిత్సయే వేరు.

గడ్డ ఒంటిదేయని తేలినచో రేడియోథెరపీయే ముఖ్య చికిత్స. ప్లాస్మా కణములు కిరణములకు సులభముగా లొంగును. సాధారణముగా 40 మొదలు 50 గ్రేల మోతాదును నాలుగైదు వారములలో, దినమునకు కొంచెముగా ఇత్తురు. కిరణములు సోకునప్పుడు నొప్పి యుండదు; పిదప అలసటయు, చర్మము కందుటయు, గొంతువద్దనైనచో మ్రింగుటకు కష్టమును కలుగవచ్చును. పూస విరిగినను, వెన్నుపాము నొక్కుకొనినను శస్త్రచికిత్సయు కావలసివచ్చును.

ఇంతలో చుట్టములు వత్తురు. ఫలానివారికి కీమోథెరపీ ఇచ్చిరట, మూలకణముల మార్పిడి చేసిరట, మనవారినేల చిన్న చికిత్సతో సరిపెట్టిరి అని ఇల్లాలి మనస్సు కలతపెట్టుదురు. పెద్ద మందే మంచి మందనుట మాకు సమ్మతము కాదు. ఒంటిగడ్డకు కిరణములతోపాటు కీమోథెరపీ ఇచ్చినందున అదనపు మేలు కలుగునని రుజువు కాలేదు. మార్పిడి మాట చూడుడు: రోగి రక్తమునుండియే మూలకణములను సేకరించి అతిశీతలమున భద్రపరతురు. పిదప మెల్ఫలాన్ అను మందును పెద్ద మోతాదులో ఎక్కింతురు. వ్యాధికణములను చంపునది ఆ మందే. కాని అది మూలుగనుగూడ మాడ్చివేయును. గాదెలో దాచిన విత్తులను బీడుపడిన పొలమున చల్లినట్లు, దాచిన కణములను మరల దేహములోనికి ఎక్కింతురు. అవి మొలకెత్తువరకు నోటిపూత, జ్వరము, అంటురోగముల భయము. లండనునందలి రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి వైద్యులు మాకెల్వెయిన్, పౌల్స్ అనువారు 1983లో మైలోమాకు ఈ మందును పెద్ద మోతాదులో ఇచ్చి ఫలితమును ప్రకటించిరి. వ్యాధి మైలోమాగా మారినవారికి, దేహము తట్టుకొనగలదని తోచినచో, ఈ మార్గము తెరచియున్నది.

అట్లు మారుట అరుదు కాదు. ఎముకలో ఒంటిగడ్డ పుట్టినవారిలో ఇంచుమించు సగముమందికి పదియేండ్లలోపల మైలోమా వచ్చును. మెత్తని భాగములలో పుట్టినవారికి ఆ భయము తక్కువ. నొప్పి తగ్గినను కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకొనుమని వైద్యులు చెప్పుట ఇందులకే. భర్తకైనచో ఆ తేదీని గోడమీది పంచాంగమున గుర్తువేసి గుర్తుచేయు ఇల్లాలు, తనకు వచ్చినప్పుడు మాత్రము బండిచార్జీ లెక్కించి మానుకొనుచున్నది. ఆ చార్జీని నెలసరి పద్దులో బియ్యము ప్రక్కనే వ్రాయుడు. నడుమ క్రొత్తచోట ఎముక నొప్పి పుట్టినను తేదీకై ఆగవలదు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినను, మూత్రము బిగిసినను ఆనాడే, రాత్రియైనను, ఆసుపత్రికి పోవలయును.