కప్పు గెలవనివాడు ఓడినట్లేనా?

ఫలితాలు వచ్చిన రోజున మన హాస్టళ్ళలో వినిపించేవి రెండే మాటలు. వాడు కొట్టాడు, వీడు పోయాడు. ఈ రెండింటికీ నడుమ ఇంకో జీవితం ఉంటుందనీ, దానికీ గౌరవం దక్కాలనీ మా అభిప్రాయం. ఈ మాట చెప్పడానికి మనలో చాలామంది ఎన్నడూ చూడని ఒక ఆట నుంచి ఉదాహరణ తీసుకుంటున్నాం. ఆయన పేరు రయన్ ఫిట్జ్‌పాట్రిక్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు.

అది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ, విసురుతూ అవతలివాళ్ళ గీత దాటించాలి. మైదానంలో జట్టుకు పదకొండు మంది. బంతి ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చేవాడు మాత్రం ఒక్కడే. అతన్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అక్కడి జాతీయ లీగ్‌లో 32 జట్లున్నాయి. అంటే ఆట మొదలుపెట్టే ఆ చోటు దేశం మొత్తం మీద 32 మందికే. మిగిలినవాళ్ళు బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూడాల్సిందే.

ఫిట్జ్‌పాట్రిక్ హార్వర్డ్‌లో అర్థశాస్త్రం చదివాడు. 2005లో జట్లు వరుసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకున్నప్పుడు మొత్తం 255 మందిలో ఆయనది 250వ స్థానం. ఆ ఏడాది నవంబరు 27న ముందున్నవాడు గాయపడితే మొదటిసారి మైదానంలోకి దిగాడు. సగం ఆట ముగిసేసరికి 24-3తో వెనుకబడి ఉన్న జట్టు, అదనపు సమయంలో 33-27తో గెలిచింది.

అయినా ఆ చోటు ఆయనది కాలేదు. సెయింట్ లూయిస్, సిన్సినాటి, బఫెలో, టెనెసీ, హ్యూస్టన్, న్యూయార్క్, టాంపా బే, మయామి, వాషింగ్టన్. 17 సీజన్లు, తొమ్మిది జట్లు. 2018లో వరుసగా మూడు ఆటల్లో 400 గజాలకు పైగా బంతి విసిరాడు. అంతకుముందు ఎవరూ చేయని పని అది. నాలుగో ఆటలో సగం కాగానే మళ్ళీ బెంచీ మీదికి పంపారు.

ఆయన లోపాలు దాచనక్కర లేదు. మొదటినుంచీ ఆడిన 147 ఆటల్లో 59 గెలుపులు, 87 ఓటములు, ఒక సమం. 223 టచ్‌డౌన్ పాసులు విసిరిన చెయ్యే 169 సార్లు బంతిని అవతలివాళ్ళ చేతికిచ్చింది. గెలిస్తే న్యూయార్క్ జట్టు నాకౌట్‌కు వెళ్ళే ఆటలో, 2016 జనవరి 3న, చివరి పావుభాగంలోనే మూడుసార్లు అలా జరిగింది. నాకౌట్ ఆట ఒక్కటైనా ఆడకుండానే 2022లో విరమించుకున్నాడు.

ఇలాంటి ఆటగాణ్ణి అక్కడ ‘జర్నీమన్’ అంటారు. ఊళ్ళు తిరిగేవాడని అనిపిస్తుంది గానీ, ఆ మాట పుట్టింది ‘రోజు’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి. పని పూర్తిగా నేర్చుకుని, సొంత దుకాణం లేక, రోజు లెక్కన కూలికి చేసేవాడు జర్నీమన్. రోజుకూలి అంటే ఏమిటో మన ఇళ్ళలో ఎవరూ ఎవరికీ వివరించనక్కర లేదు. నిన్నటి పని నిన్నటితో సరి. ఇవాళ మళ్ళీ పనికి పిలవాలంటే ఇవాళ మళ్ళీ చేసి చూపాలి. తొమ్మిది చోట్ల అలా పిలిపించుకోవడం చేతకానివాడికి సాధ్యమా?

మాకు అన్నిటికంటే గొప్పగా తోచింది 2020లో మయామిలో జరిగినది. అంతకుముందే ఐదో స్థానంలో ఎంపికైన టువా టాగోవైలోవా అనే కుర్రవాణ్ణి ఈయన చోటు కోసమే తెచ్చారు. అక్టోబరులో ఆ కుర్రవాడు మొదటిసారి మైదానంలోకి దిగినప్పుడు, చప్పట్లు కొట్టమని జనాన్ని ఉత్సాహపరిచింది ఫిట్జ్‌పాట్రిక్. కొద్దిరోజుల్లోనే ఆయన చోటు పోయింది. గుండె పగిలిందని విలేకరుల ముందే చెప్పుకున్నాడు. అయినా కుర్రవాడికి తోడుగా నిలిచాడు. డిసెంబరు 26న కుర్రవాడి ఆట సాగకపోతే చివరి పావుభాగంలో ఈయన్నే దింపారు. 19 సెకన్లే మిగిలినప్పుడు, ఎదుటివాడు ముఖకవచం పట్టుకుని తల మెలితిప్పుతుంటే, చూపు లేకుండానే బంతిని 34 గజాలు అందించాడు. జట్టు 26-25తో గెలిచింది.

ఆయనకు హార్వర్డ్ పట్టా ఉంది, కోట్లు సంపాదించాడు, మనకు పోలికేమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నదానితో తృప్తి పడాలని మేము అనడం లేదు. పర్మినెంటు చేయమని అడగడం వాళ్ళ హక్కు. మేమనేది వేరు. పోస్టు రానంత మాత్రాన వాళ్ళు చేసిన పని లేకుండా పోదు. ఒకే పోస్టుకు పోటీ పడుతున్న తమ్ముడికి తన నోట్సు ఇచ్చి చదివించిన అన్న, తనకు ర్యాంకు రాకపోయినా, ఈ హాస్టల్‌కు చేసింది తక్కువేమీ కాదు.

ప్రతి వార్షికోత్సవంలో ర్యాంకులు, ఉద్యోగాలు సాధించినవారికి శాలువా కప్పుతున్నాం. కప్పాలి కూడా. ఈసారి నుంచి ఆ వేదిక మీద ఇంకో కుర్చీ వేద్దాం. తనకు దక్కని దాన్ని తన వెనక వచ్చినవాడికి నేర్పిన సీనియర్‌ను అందులో కూర్చోబెడదాం. పేర్లు చెప్పమంటే ప్రతి గదిలోనూ ఒకటైనా దొరుకుతుంది.