ఆప్షన్లు లేని ప్రశ్నలు పెరట్లో ఉన్నాయి

పరీక్షలు అయిపోయాయి. కొందరికి ఇంకా ఎంట్రన్సులు ఉన్నాయి, కొందరు ఫలితాల కోసం ఎదురుచూస్తున్నారు. ఈ సమయంలో రోజూ ఉదయం ఓ అరగంట పెరట్లోనో, డాబా మీదో కూర్చుని పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ చూడమంటే ‘దానివల్ల ఏమొస్తుంది?’ అంటారు. అడగాల్సిన ప్రశ్నే. ర్యాంకు మాత్రం రాదు. కానీ కోచింగ్‌లో దొరకని ఒక అలవాటు వస్తుంది.

ఇన్నాళ్లూ మీకు ప్రశ్నలు నాలుగు ఆప్షన్లతో వచ్చాయి. జవాబు వాటిలోనే ఉంటుందన్న ధీమా ఉండేది. రేపు ఉద్యోగంలో ఆ ధీమా ఉండదు. ఉన్నది ఉన్నట్టు చూడాలి, తేడా పట్టుకోవాలి, తెలిసేదాకా ఆగాలి. వీటిని సాధన చేయడానికి ఈ చైత్ర వైశాఖాల్లో మన చెట్లకంటే మంచి చోటు లేదు.

కోకిల కూత విననివారు ఉండరు. కూసేది నల్లటి మగపిట్ట అని, గోధుమరంగు మీద తెల్లచుక్కలున్నది దాని జోడీ అని ఎందరికి తెలుసు? మందారం మీద వాలే పర్పుల్‌ సన్‌బర్డ్‌ అనే తేనెపిట్టనే తీసుకోండి. ఇప్పుడు మగది నీలినలుపుతో మెరుస్తుంది. ఆడది పసుపు పొట్టతో వేరే జాతిలా ఉంటుంది. గూడు పెట్టే కాలం దాటాక మగదాని మెరుపు కూడా పోతుంది. గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్లచార మిగులుతుంది. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పేవారు ఇక్కడ తప్పక బోల్తా పడతారు.

ఇక కరివేపాకు చెట్టు. లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది గొంగళిపురుగు కావచ్చు. శత్రువుల కన్నుగప్పడానికే ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అది లైమ్‌ బటర్‌ఫ్లై అవుతుందా, కామన్‌ మోర్మన్‌ అవుతుందా? రెండూ ఈ చెట్టు మీదే గుడ్లు పెడతాయి. చిన్నగా ఉన్నప్పుడు చెప్పడం కష్టం, ఆగాల్సిందే. మోర్మన్‌ ఆడవాటిలో కొన్ని, పిట్టలకు రుచించని కామన్‌ రోజ్‌ సీతాకోకచిలుకలా రెక్కల మీద ఎర్రమచ్చలు వేసుకుని తిరుగుతాయి. మీరు నిర్వచనం బట్టీ పట్టిన మిమిక్రీ ఇదే.

చూస్తే చాలదు, రాయాలి. తేదీ, సమయం, ఏ చెట్టు, ఎన్ని, ఏం చేస్తున్నాయి... ఒక నోటుబుక్కు చాలు. కూత విని పేరు చెప్పే మెర్లిన్‌ లాంటి యాప్‌లు ఉన్నాయి, వాడండి. కానీ ముందు మీరు చూసింది రాసుకుని, ఆ తర్వాతే యాప్‌ని అడగండి. పేరు ముందే దొరికితే కళ్లు పనిచేయడం మానేస్తాయి. తెలియకపోతే ‘తెలియదు’ అనే రాయండి. ఇక్కడ దానికి నెగెటివ్‌ మార్కులు లేవు.

ఇవి ఉత్త కాలక్షేపం లెక్కలనుకోకండి. ‘స్టేట్‌ ఆఫ్‌ ఇండియాస్‌ బర్డ్స్‌ 2023’ నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం దాదాపు 30 వేల మంది పక్షి పరిశీలకులు ఈ-బర్డ్‌లో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. వారిలో ఎక్కువమంది మామూలు మనుషులే.

ఇష్టం ముదిరితే దారులున్నాయి. దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఇండియాలో పీజీ చేయొచ్చు, యూపీఎస్సీ ద్వారా ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌కు వెళ్లొచ్చు. సీట్లు, పోస్టులు తక్కువే. అందుకే కెరియర్‌ కోసమే మొదలుపెట్టమని చెప్పను. డాక్టరైనా, టెస్టింగ్‌ ఇంజినీరైనా, విలేకరైనా చూపు నిలిపేవారికే పని తెలుస్తుంది.

రేపు ఎండ ముదరకముందే లేవండి. ఓ మట్టిమూకుడులో నీళ్లు పెట్టండి. గూళ్లను ముట్టుకోవద్దు. అమ్మ కరివేపాకు తెమ్మంటే, తుంచే ముందు ఆకుని ఒకసారి తిప్పి చూడండి.