కనుమ కూడ ఒక రేవే



"తీర్థము" అను శబ్దము "తౄ" ధాతువునుండి పుట్టినది. దాటుట ఆ ధాతువునకు అర్థము. నదిని దాటుటకు అనువైన చోటు తీర్థము. తెలుగున దానినే రేవు అందురు. నెల్లూరు తీరవాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పెన్నలో దిగుటకొక రేవు, కడలిలోనికి పడవ నడుపుటకొక రేవు వారి నిత్యజీవనములోనివే. నదికి రేవు ఎట్టిదో పర్వతమునకు కనుమ అట్టిది. శిఖరము ఎక్కుటకున్నది, కనుమ దాటుటకున్నది. ఈ భేదమును మఱచుటవలననే పర్వతయాత్రలలో పెక్కు అనర్థములు కలుగుచున్నవి.

కుటుంబసమేతముగా సైకిళ్లపై హిమాలయపు కనుమలు దాటి రావలెనను కోరిక ఇప్పుడు తీరప్రాంతపు ఇండ్లలో కూడ వినవచ్చుచున్నది. పిల్లలు లడాఖ్ చిత్రములు చూచి అడుగుదురు, తల్లిదండ్రులు సందేహింతురు, పెద్దలు వారింతురు. పెద్దల ఆక్షేపణలు రెండు. ఇది తీర్థయాత్ర కాదు, కేవలవిహారమనుట మొదటిది. పసివారిని ప్రాణసంకటమైన చోటికి గొనిపోవుట గృహస్థధర్మమునకు విరుద్ధమనుట రెండవది. రెండును తోసిపుచ్చదగినవి కావు. మొదటిదానికి శాస్త్రమే సమాధానమిచ్చును. రెండవదానికి ఆ కుటుంబము నడచుకొను తీరే సమాధానము కావలెను.

యానమెక్కి పోవువానికి యాత్రాఫలము తఱుగునని ధర్మశాస్త్ర నిబంధకులు వ్రాసిరి. కారణము ఊహింపదగినదే. పల్లకి మోయువాడొకడు, పుణ్యము కోరువాడు వేఱొకడు. శ్రమ ఎద్దుది, ఫలము ఎక్కినవానిది. సైకిలు విషయమున ఈ దోషము లేదు. ఎక్కినవాడే దానిని నడుపవలెను. కఠోపనిషత్తు శరీరమును రథముగా, ఆత్మను రథికునిగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గముగా, ఇంద్రియములను గుఱ్ఱములుగా నిరూపించినది. సైకిలుపై రథికుడు, సారథి, గుఱ్ఱము ముగ్గురును ఒక్కడే. ఎంత తొక్కిన అంతే కదలును. ఎత్తున తొక్కుట మానిన నిలుచును, నిలిచిన ఒరుగును. కర్మకును ఫలమునకును గల సంబంధము ఇంత ప్రత్యక్షముగా కనబడు సాధనము అరుదు.

వనపర్వమందలి తీర్థయాత్రాప్రకరణమున పులస్త్యమహర్షి వచనమొకటి ఇచ్చట స్మరణీయము. యజ్ఞములు చేయుటకు సంభారములు లేని దరిద్రునికి తీర్థయాత్ర యజ్ఞసమమని ఆయన చెప్పెను. చేతులు, పాదములు, మనస్సు అదుపులో నున్నవానికే తీర్థఫలము దక్కునని కూడ చెప్పెను. కాబట్టి యాత్ర విహారమగుటకైనను తీర్థమగుటకైనను యాత్రికుని నియమమే ప్రధానము. విమానమున పోయి దేవాలయద్వారమున తోపులాడువానికంటె, సంయమముతో ఒక కనుమను దాటి అచ్చట చేతులు జోడించువాడు తీర్థమునకు దగ్గఱగా నున్నాడు.

ఇక రెండవ ఆక్షేపణ. ఇది బరువైనది. మనాలినుండి లేహ్ నగరమునకు పోవు పాత దారిలో రోహ్‌తాంగ్ 3,978 మీటర్ల ఎత్తున నున్నది. దానిని దాటినపిదప బారాలాచా సుమారు 4,890, తాంగ్లాంగ్ సుమారు 5,300 మీటర్లు. 2020 అక్టోబరున అటల్ సొరంగము తెఱచినది మొదలు వాహనములకు రోహ్‌తాంగ్ ఎక్కవలసిన పని తప్పినది. మిగిలిన కనుమలు తప్పవు. ఈ ఎత్తులన్నియు సముద్రమట్టమునుండి కొలుచునవి. అనగా తీరవాసి పుట్టి పెరిగిన ఇసుకయే ఆ కొలతకు సున్న. తాంగ్లాంగ్ కనుమపై వాయుపీడనము ఆ ఇసుకపై నున్నదానిలో ఇంచుమించు సగము. ఒక్కొక్క ఉచ్ఛ్వాసమున అందు ప్రాణవాయువు కూడ ఆ మేరకు సగమే. మైపాడు ఒడ్డున అలలతో పరుగెత్తు బాలుడు అచ్చట పది అడుగులకే ఆయాసపడును. అది వాని బలహీనత గాదు, ఆ ప్రదేశస్వభావము.

దీనికి వైద్యులు చెప్పు నియమము సరళమైనది. 3,000 మీటర్లు దాటినపిదప రాత్రి నిద్రించు చోటు దినమునకు 500 మీటర్లకంటె ఎక్కువ పెరుగరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఒకనాడు ఆగవలెను. తలనొప్పి, వాంతి, అన్నముపై అరుచి, నిద్ర పట్టకపోవుట కనబడినచో పైకి పోరాదు. లక్షణములు ముదిరినచో రాత్రియైనను క్రిందికి దిగవలెను. పెద్దవాడు తన బాధ చెప్పుకొనగలడు. పసివాడు తఱచుగా చెప్పడు. తనవలన తండ్రి కోరిక భంగమగునేమోయని దాచును. అడిగినను బాగుగనే యున్నదనును. ఆ తండ్రికి ముందు కనుమ కనబడుచుండును. వెనుక కుమారుని ముఖము వాడియుండును. ధర్మసంకటము ఇదియే. దీనికి సమాధానము బయలుదేరుటకు ముందే నిశ్చయింపబడి యుండవలెను.

మహాభారతమున పాండవులు హిమాలయమునకు ఎక్కిన ఘట్టములలో రెండింటిని పోల్చి చూడవలెను. మహాప్రస్థానమున వారు తిరిగి రాని యాత్రకు పోయిరి. ద్రౌపది పడెను, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిరి. ధర్మరాజు వెనుదిరిగి చూడక ముందునకే నడచెను. అది సర్వసంగపరిత్యాగము చేసినవారి నడక. దేహమును విడుచుటకే పోవుచున్నవారికి అది తగును.

వనపర్వమందలి ఆరోహణము వేఱు. గంధమాదనమునకు పోవుటకు ముందు ధర్మరాజు సంకోచించెను. ద్రౌపదితో గూడ గంగాద్వారమున నిలువుమని భీమునితో చెప్పెను. నడువలేనివారిని తాను మోసెదనని భీముడనెను. ద్రౌపది నవ్వి, తాను నడువగలనని చెప్పెను. పర్వతపాదమున పుళిందరాజైన సుబాహువునొద్ద రథములను, పరిచారకులను విడిచిపెట్టిరి. దారిలో భయంకరమైన గాలివాన వచ్చెను. అది శమించిన పిమ్మట కొంతదూరము నడచి ద్రౌపది సొమ్మసిల్లెను. అప్పుడు ఎవడును ముందునకు పోలేదు. నకులుడు పట్టుకొనెను, కవలలు ఆమె పాదములొత్తిరి, ధర్మరాజు తన్ను తాను నిందించుకొనెను. ఘటోత్కచుడు పిలువబడి, ఆమెను మోసికొనిపోయెను. అట్లు అందఱును బదరిని చేరిరి.

గృహస్థుని యాత్రకు ప్రమాణము ఈ రెండవ ఆరోహణము. తండ్రి సంకోచించుట పిరికితనము గాదని, భార్యాపుత్రుల ఇచ్ఛను విని పిమ్మట నిర్ణయింపవలెనని, బరువును క్రిందనే వదలవలెనని, పడినవారికొఱకు అందఱును ఆగవలెనని, మోయుటకు సహాయము ముందుగనే తలపులో నుండవలెనని ఈ కథ చెప్పుచున్నది. నేటి ఘటోత్కచుడు వెంట వచ్చు మోటారు వాహనము. అది వెంటనున్నచో సాహసమునకు లోపమని కొందఱు యువకులు భావింతురు. భీమునివంటివాడు కుమారుని పిలుచుటకు సిగ్గుపడలేదు గదా!

తెలుగువారిలో కుటుంబయాత్రకు సాక్ష్యము లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టున దుబాసీగా నున్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న తల్లిని, భార్యను వెంటగొని, సుమారు నూరుగురు పరివారముతో కాశికి బయలుదేరెను. శ్రీశైలపు కొండదారులను దాటి, హైదరాబాదు మీదుగా కాశిని చేరి, తిరుగుదారిలో తూర్పుతీరము వెంట నెల్లూరు సీమ మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర చదువువారికి ఒక విషయము స్పష్టమగును. ఏ మజిలీలో నీరున్నది, నీడ యెచ్చట నున్నది, ఏమేమి దొరకును అను విచారణ ఆ పుస్తకమంతట కనబడును. తల్లిని వెంట తీసికొనిపోవువాని చూపు అది. ఆయన పల్లకిలో పోయెను గావున సైకిలు యాత్రికునితో పూర్తిగా పోల్చరాదు. కాని ఆ చూపు అనుకరింపదగినది.

విదేశములందును ఇట్టిదే కలదు. అమెరికాకు చెందిన ఒక దంపతులు తమ పదేండ్ల కవలపిల్లలతో 2008లో అలాస్కా ఉత్తరపు కొననుండి సైకిళ్లపై బయలుదేరి, 2011లో దక్షిణ అమెరికా చివరనున్న ఉషువాయా నగరమును చేరిరి. దారిలో ఆండీస్ పర్వతములుండెను. దూరము సుమారు 27,000 కిలోమీటర్లు, కాలము రెండున్నర సంవత్సరములకు పైన. తొందరపడనివారికి పసివారు భారము కారనుటకు ఇది నిదర్శనము.

ఎత్తునుగూర్చిన అభిమానము యాత్రను చెఱచును. లేహ్ సమీపమున నున్న ఖార్దుంగ్ కనుమ ఎత్తు 5,602 మీటర్లని, ప్రపంచమున అత్యున్నతమైన మోటారు దారి అదియేనని చాలకాలము ఫలకములపై వ్రాయబడినది. ఆధునికసాధనములతో కొలిచినపుడు తేలినది సుమారు 5,359 మీటర్లే. ఫలకమును నమ్మి గర్వించినవాడును, నిజమెఱిగి నిరుత్సాహపడినవాడును సమానముగా మోసపోయిరి. దాటుటకు వచ్చినవానికి రెండు వందల మీటర్ల తేడావలన ఏమి పోయినది? కనుమపై నివాసము లేదు. గాలి, మంచు, జెండాలు మాత్రముండును. అక్కడ నిలిచి నమస్కరించి ఆవలికి దిగవలెను. దిగునపుడు తొక్కనక్కరలేదు, పట్టి ఆపుటయే పని. ఎక్కుటకు బలము చాలును, దిగుటకు నిగ్రహము కావలెను. సైకిలుపై బ్రేకు విలువ అచ్చటనే తెలియును.

అభ్యాసమునకు లడాఖ్ దాక పోనక్కరలేదు. రాపూరునుండి చిట్వేలి వైపు వెలిగొండలను దాటు కనుమదారి నెల్లూరువారికి దగ్గఱనే యున్నది. ఆ కొండల ఒడిలోనే పెంచలకోనయందు పెనుశిల నరసింహస్వామి వెలసియున్నాడు. శీతకాలమున ఒక వేకువజామున కుటుంబమంతయు సైకిళ్లపై ఆ దిశకు బయలుదేరవచ్చును. ముందు ఎవరు పోవుచున్నారు, వెనుకబడినవారికొఱకు ఎవరు ఆగుచున్నారు, అలసితినని చెప్పిన బిడ్డకు ఏమి జవాబు వచ్చుచున్నది అను మూడు విషయములు ఆ ఒక్క ఉదయమున తేలిపోవును. ఆ పరీక్షలో నెగ్గిన కుటుంబము హిమాలయమునకు నిర్భయముగా పోవచ్చును. నెగ్గనిచో ఇంకొక శీతకాలము వేచియుండవలెను.

సగము దారినుండి బిడ్డకొఱకు వెనుకకు మఱలిన కుటుంబము ఓడినదని లోకమనవచ్చును. వారు దాటవలసిన దానిని దాటియే వచ్చిరి. తండ్రి తన అభిమానమును దాటెను; బిడ్డ తన భయమును దాటి నిజము చెప్పెను. ఆ రేవున దిగినవారికి తీర్థఫలము దక్కకపోదు.