లెక్కలోకి రాని తలనొప్పి

2020 డిసెంబరులో ఏలూరు పేరు దేశమంతా మారుమోగింది. వన్‌టౌన్‌లో ఏదో అంతుపట్టని జబ్బు మొదలై, కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మూర్ఛ, వాంతులు, తలనొప్పి. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి నిపుణులు దిగారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. అంత కదలిక రావడం న్యాయమే.

అయితే విషమో, మరో జబ్బో కారణమైన తలనొప్పులు మొత్తంలో కొద్ది పాలే. మిగతావన్నీ ఇంటింటా ఉన్నాయి, వాటికోసం ఏ బృందమూ రాదు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఆ నగరంలోనూ చుట్టుపట్ల పల్లెల్లోనూ గడప గడపకూ తిరిగి రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగారు. 2015లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, ఏడాదిలో ఒక్కసారైనా తలనొప్పి పడినవాళ్లు నూటికి 64 మంది. తలకు గుడ్డ బిగించి కట్టినట్టుండే మామూలు నొప్పి 35 మందికి. కణత పోట్లు పొడుస్తూ, వాంతి తెప్పించి, వెలుతురు చూడనివ్వని పార్శ్వపు నొప్పి 25 మందికి! ప్రపంచ సగటు 14, 15 దగ్గరే ఉంది. ఈ పార్శ్వపు నొప్పి పడేవాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ.

మన ఏలూరు వైపు ఆ లెక్క తక్కువగా ఉంటుందని నేననుకోను. ఎండ, ఆకలి, నిద్ర చాలకపోవడం పార్శ్వపు నొప్పిని రేపుతాయి. కొల్లేటి చెరువుల మీద చేపల పట్టుబడి రోజున ఆ మూడూ కలిసే వస్తాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్లకూ అంతే. నొప్పి వస్తే కూలి మానుకోలేరు, మందుల షాపులో ఓ బిళ్ల అడిగి మింగుతారు. మామూలు నొప్పి బిళ్లయినా సరే, నెలకు పదిహేను రోజుల చొప్పున నెలల తరబడి వాడితే ఆ బిళ్లే రోజూ తలనొప్పి తెస్తుంది. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి.

ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. బీపీ, షుగర్ ఎలాగూ చూస్తారు. కైకలూరు, మండవల్లి లంకల్లోకి కూడా వెళ్లి, ఆ ఇళ్లలోని ఆడవాళ్లను మరో రెండు మాటలు అడగమని నా విన్నపం. నెలలో ఎన్ని రోజులు తల నొస్తోందమ్మా? ఎన్ని బిళ్లలు వేసుకుంటున్నావు?