ఊరి లెక్కలో కనిపించని ఆఖరి బస్సు

2011 జనగణన తర్వాత వెలువడిన జిల్లా హ్యాండ్‌బుక్‌లో ప్రతి ఊరికీ ఒక వరుస ఉంది. విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఏ ఊరిది చూసినా జనాభా, ఇళ్లు, ఆడ మగ లెక్కతో పాటు బస్సు, ఆటో, రైల్వే స్టేషన్ ఉన్నాయో లేవో రాసి ఉంటుంది. లేకపోతే అవి 5 కిలోమీటర్ల లోపున్నాయా, 10 లోపా, అంతకు మించా అన్నది ఒక గుర్తుతో తెలుస్తుంది. రోజుకు ఒక్క ట్రిప్పు వచ్చే ఊరికీ గంటకో బస్సు ఆగే ఊరికీ అందులో జవాబు ఒక్కటే: ఉంది. ఊళ్లో మిగిలింది ఎవరు, వాళ్లకు బండి ఏ వేళకు దొరుకుతుంది అన్నవి చూడకుండా, తలల సంఖ్యను బట్టి రవాణా అవసరాన్ని తేల్చడం ఈ ప్రాంతానికి అన్యాయం చేస్తోంది.

విజయనగరం జిల్లా జనాభా 2001లో 22,49,254, 2011లో 23,44,474. ఉమ్మడి రాష్ట్రం ఆ పదేళ్లలో దాదాపు 11 శాతం పెరిగితే ఈ జిల్లా పెరిగింది 4 శాతం పైచిలుకే. వెయ్యిమంది మగవారికి రాష్ట్రంలో 993 మంది ఆడవారుంటే ఇక్కడ 1,019 మంది. కాన్పులు తగ్గడం, ఆడవారి ఆయుష్షు కొంత కారణమే కావచ్చు. కానీ హైదరాబాద్, విజయవాడ, చెన్నై నిర్మాణ పనులకు తరలిపోతున్న ఉత్తరాంధ్ర కూలీలను పక్కనపెట్టి ఈ అంకెలను అర్థం చేసుకోలేం. పైగా లెక్క తీసింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. సంక్రాంతికి వచ్చినవాళ్లు మళ్లీ పనులకు వెళ్లిపోయే రోజులవి. ఊళ్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లు, ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు. ఇంట్లో మోటార్‌సైకిల్ ఉన్నా దాన్ని నడిపే మనిషి ఊళ్లో ఉండడు. అంటే జనం తగ్గిన ఊరికి బస్సు అవసరం పెరుగుతుంది. నిబంధనలు మాత్రం దీనికి ఎదురు నడుస్తాయి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు వేయడానికి మైదానంలో 500 జనాభాను, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250ని కొలతగా పెట్టుకుంది. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశకూ ఆధారం 2011 లెక్కలే. వలసవల్ల ఆ గీతకు కాస్త దిగువకు జారిన మైదానపు పల్లెకు రోడ్డు కూడా దక్కదు.

ఆటోలున్నాయి కదా, ఖాళీ బస్సులు తిప్పి ఆర్టీసీ ఎంతకాలం నష్టపోవాలి అనేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఆటో నిండితేనే కదులుతుంది, చీకటి పడ్డాక దొరకడం కష్టం. బొబ్బిలి జంక్షన్ రాయ్‌పూర్ లైను మీద ఉంది, సాలూరుకు చాలాకాలం రైలుబస్సూ నడిచింది. కానీ పట్టాలు దూరప్రయాణానికే తప్ప పల్లె నుంచి ఆసుపత్రికో కాలేజీకో చేర్చవు. 2022 ఏప్రిల్‌లో సాలూరు, పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లి, బొబ్బిలి రెవెన్యూ డివిజన్ కేంద్రం అయ్యాక చుట్టుపక్కల మండలాలవారికి ఇక్కడ పనులు మరిన్ని పెరిగాయి. ఇక నష్టం మాట. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ల ఛార్జీ ప్రభుత్వమే భరిస్తోంది. అలాంటప్పుడు రూటును చేతికొచ్చే కలెక్షన్‌తో మాత్రమే తూచడం కుదరదు. ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్ల లెక్క తీస్తే ఏ ఊళ్లో ఎందరు ఎక్కుతున్నారో తెలుస్తుంది. బస్సే రాని ఊరి ఆడవాళ్లు మాత్రం ఆ లెక్కలోకీ రారు, పథకం ఉన్నా ఆటోకు డబ్బు పెట్టుకుంటూనే ఉంటారు.

తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. జనాన్ని లెక్కించేది మళ్లీ ఫిబ్రవరిలోనే, మళ్లీ సంక్రాంతి దాటాకే. గ్రామ వివరాల పట్టికలో రోజుకు ఎన్ని ట్రిప్పులు, మొదటి బస్సు, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్న మూడు గడులు చేర్చడం పెద్ద పనేమీ కాదు. ఢిల్లీ చేర్చకపోయినా గ్రామ సచివాలయ సిబ్బందితో, బొబ్బిలి డివిజన్ నుంచే మొదలుపెట్టి, ఈ వివరాలను రాష్ట్ర ప్రభుత్వం తానే సేకరించుకోవచ్చు. పనులకు వెళ్లినవారు ఎందరో, ఇళ్లలో ఉన్నవారు ఎవరో ఆ సిబ్బందికి ఇంటింటా తెలుసు.