విదేశ వైద్యవిద్య: విచారింపవలసిన సంగతులు

టమాటా ధరనే నమ్ముకొనిన పెద్దమండ్యపు రైతు కొడుకును డాక్టరుగా జూడగోరి, భూమి తాకట్టుపెట్టి విదేశమునకు పంప సిద్ధపడుచున్నాడు. ఆ యాశను మేము నిందింపము. 1923లో యల్లాప్రగడ సుబ్బారావుగారు సముద్రములు దాటి హార్వర్డున చేరుటవలన లోకమునకే మేలు కలిగినది. కాని దళారి చూపు రంగుల చిత్రములను జూచి కళాశాల నెన్నుకొనుట వివేకము గాదు.

రుసుము కడపటి ప్రశ్న. ఆ చదువు మన దేశమున చెల్లునా యనునది మొదటిది. జాతీయ వైద్య సంఘమువారి 2021 నాటి నిబంధనల ప్రకారము చదువు 54 నెలలకు తగ్గరాదు. బోధన ఆంగ్లమున జరుగవలెను. అచ్చటనే 12 నెలలు ఆసుపత్రి శిక్షణ పొందవలెను. ఆ దేశమున వైద్యము చేయుట కర్హత కలుగవలెను. ఒక్కటి లోపించినను పట్టము వట్టి కాగితమే. విదేశ కళాశాలలకు సంఘము ఆమోదముద్ర వేయదు. వేసినదను దళారి మాట బొంకు.

రెండవది: ఆ కళాశాలవారు 300 మార్కులకు 150 రావలసిన మన అర్హతపరీక్షలో ఎందఱు గెలిచిరి? మూడవది: ఆ దేశమున శాంతి గలదా? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినున యుద్ధము రేగగా వేలకొలది మన విద్యార్థులు చదువు నడుమ విడిచి వచ్చిరి.

తాకట్టు పత్రముపై సంతకమునకు ముందే వీనికి వ్రాతమూలకముగా సమాధానములు పొందవలెను. పఠనమందిరములలోని యువకులు ఈ నిబంధనలను చదివి, చదువెఱుగని తల్లిదండ్రులకు వినిపింతురుగాక. ఇదియు దేశసేవయే.